సేటు మెట్టు కాడ నీ జాగ

సుజాత నాయినా, మంచిగున్నవా? నువ్వు కాలం చేసి ఈ వానకాలానికి ఆరేండ్లాయె. గీ ముచ్చట నీకు చెప్పకపోతె నాకు అన్నం సయిస్తలేదు... అందుకే రాస్తున్న.

పాలమూరుల మన పాత బజారు యాదికున్నదా? రోడ్డు వెడల్పు చేసిన్నాడు అన్నీ కూలినయి. బట్టల సేటు కొడుకు గదే జాగల పెద్ద బట్టల షోరూం కట్టిండు. ఆ బజారు పాత ఫొటోను గోడంత చేయించి తలుపు కాడ పెట్టిండంటె, మనుమరాలితోని చూడవోయిన.

కింద దుకాణాల పేర్లన్ని రాసిన్రు. నా కండ్లకు ఆనకపోతె పిల్ల చదివింది. సేటు బట్టల దుకాణం, ఇత్తడి సామాన్లది, చాయ్ హోటల్, గడియారాలు బాగుచేసేది... హోటల్ ముందట పండుకున్న కుక్క సుత ఉన్నది. నువ్వు లేవు.

సేటు మెట్టు కింద జనం ఇడిచిన చెప్పులు వరుసగ కనవడ్తున్నయి. ఆ వరుస కొసకు కూసునేది నువ్వేనాయె. సరిగ్గ అక్కడికే ఫొటోను కోసేసిన్రు. ఒక్క చెయ్యి మిగిలింది. బొటనేలికి తోలుపట్టి, చేతుల సూది. ఆ చెయ్యి నేను గుర్తువట్టనా?

బేరానికొచ్చినోళ్లు లోపల పరుపు మీద కూసోని చీరెలు చూస్తుంటె, తెగిన చెప్పు కనవడితె అడగకముందే కుట్టి మళ్ల వరుసల పెట్టేటోనివి. ఎందుకు గట్ల అంటె, "కండ్ల వడ్డంక ఎట్ల ఊకుంటనే? కొత్త బట్టలు వట్టుకోని కుంటుకుంట పోతరా?" అంటివి. కొందరు చూసుకోకుండనే తొడుక్కొని పోయేటోళ్లు. ఆ దుకాణానికి వచ్చిన మంచి పేరుల నీది లేదా? ముప్పై ఏండ్లు ఎండల కూసున్న మనిషికి గోడంత ఫొటోల జానెడు జాగ దొరకదా?

సేటు కొడుకును అడిగిన. మర్యాదగనే మాట్లాడిండు. నువ్వు ఫ్రేముల పట్టలేదట... కుక్క పట్టింది. కోయని అసలు ఫొటో మన కాడ ఉన్నదంటె, రెండు రోజులు ఇచ్చిపోతె చూస్తమన్నడు.

అప్పటి సంది ఒకటే ఫికర్. ఫొటో తీసినాయన, తన చెప్పు కుట్టినవని నీకిచ్చిన ఫొటో అది. నువ్వు పనిల ఉన్నది గదొక్కటే. ఇస్తె పోగొడితె? ఇయ్యకపోతె నువ్వు గట్లనే చెయ్యి ముక్క లెక్క ఉండిపోతవు... పింఛన్ బుక్కు కవర్ల పెట్టి దినాం నాలుగుసార్లు తీసి చూస్తున్న. చెమటకు పాడైతదని మళ్ల దాస్తున్న.

సోమవారం పోతున్న. ఫొటో ఇచ్చి రాను, నా చేతుల వట్టుకోనే కాపీ తీపిస్త. నీ పేరు, నీ పని కింద రాయమంట. రాసేదాక షోరూం మెట్టు కాడ నీ జాగల కూసుంట. లెవ్వమంటె... ఎవరు లేపుతరో చూస్త.

నీ ఈదమ్మ