రెండోవైపు కూడా అందుకోవాలి

మెకానిక్ తమ్ముడికి అక్క రాసేది.

గడ్డి కోసే మిషన్ల ఇంజిన్లు రెండు విప్పి, మావాడు రెండూ కలిపి ఒకే ఇంజిన్ చేస్తున్నాడని నీకు తెలుసు. వాడు జ్వరంతో పోయిన రోజున, వచ్చేవాళ్ళకు చోటు కావాలని వరండాలో వాడు పరిచిన సామాన్లన్నీ ఒకే బకెట్లో వేసేశాను. తర్వాత సబ్బునీళ్ళతో కడిగి పెట్టాను. గిన్నెలు తోమే చెయ్యి కదా. తుప్పు పట్టాయి.

ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో తెలియక నెల రోజులు ఏడ్చాను. మొన్న కిరోసిన్‌లో నానబెట్టి రుద్దితే, ఒక పిస్టన్ మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు చుక్కలు కనిపించాయి. సిలిండర్ల మీదా అంతే.

"మనలాంటి మొద్దుల కోసమే గుర్తులు పెట్టాడమ్మా అన్నయ్య" అంది అమ్మాయి. వాడు పోయాక ఇద్దరం నవ్వడం అదే మొదలు.

ఆ గుర్తుల్ని బట్టి అమ్మాయే ఇంజిన్ బిగించింది. నిన్న తాడు లాగితే ఒకవైపు సిలిండర్ అందుకుంది, ఇల్లంతా పొగ! రెండోవైపు మాత్రం ఉలకదు, పలకదు.

నువ్వే వాడికి ఈ పిచ్చి అంటించి తిండీ నిద్రా లేకుండా చేశావని ఆ రోజు నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు. ఆదివారం నీ పానాల పెట్టె తీసుకుని రా. ముందు ఆ రెండోదాని సంగతి చూడు తమ్ముడూ, ఏడుపు తర్వాతైనా ఏడవచ్చు.

అక్క