రెండు గేట్లు

జనవరి 8

చికిటి నుంచి ఆదిలక్ష్మి ఫోన్. నాన్న పోయాడు వదినా అంది. వాళ్ళ నాన్నంటే మసేను బాబాయి. రైల్వేలో గేట్‌మ్యాన్‌గా చేశాడు, మామయ్యకు అప్పటి నుంచీ స్నేహితుడు. ఇద్దరూ ఫోన్‌లో ఎత్తులు చెప్పుకుంటూ చదరంగం ఆడతారు, రోజుకు ఒక్క ఎత్తు. ఈ ఆట మధ్యలో బాబాయికి చెవులు పోయాయి. అప్పటి నుంచి ఆయన ఎత్తు ఆదిలక్ష్మి నాకు చెబుతుంది, నేను బోర్డు మీద జరుపుతాను.

మామయ్యకు బైపాస్ అయి నెల కూడా కాలేదు. షాక్ తగలకూడదని డాక్టర్ మాట. చెప్పొద్దన్నారు మా ఆయన హేమచంద్ర. మరి రేపు ఎత్తు అడిగితే? నువ్వే ఏదో ఒకటి జరుపు అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో!

జనవరి 9

భంజనగర్‌లో ఆఫీసు పని అని మామయ్యకు చెప్పి, మా ఆయన చికిటిలో దహనానికి వెళ్ళొచ్చారు. నేను బాబాయి తరఫున గుర్రం జరిపాను.

జనవరి 13

పోయిన మనిషి చేత చదరంగం ఆడిస్తున్నాను. అన్నం సహించడం లేదు. ఆయన హాయిగా ఆఫీసు నుంచి వచ్చి, ఇవాళ ఎవరిది పైచేయి అని అడిగారు. ఒళ్ళు మండిపోయింది.

జనవరి 16

ఈ పీడ వదిలించుకుందామని మంత్రిని కావాలనే ఇచ్చేశాను. ఆట కట్టు. హమ్మయ్య అనుకునేలోపే మామయ్య మళ్ళీ పావులు పేర్చారు. ఓడినవాడిదే తొలి ఎత్తట. నా పని కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

జనవరి 17

యాప్‌లో చూసి, రాజు ముందు బంటును రెండు గడులు తోశాను. ఓపెనింగ్ అంటే అందరూ అదే కదా ఆడేది.

మామయ్య బోర్డు చూసి అడిగారు.

"మసేను ఎప్పుడు పోనాడమ్మా?"

ఎలా తెలిసిందో ఆయనే చెప్పారు. వాళ్ళది పాత పద్ధతి, తొలి ఎత్తుకు రెండు బంట్లు, ఒక్కో గడి. మసేను ఏ ఆటలోనైనా రెండు చివర్లా ఏనుగుల ముందు బంట్లే జరిపేవాడట, రెండు గేట్లూ వేసేశాను, ఇక బండి పోనీ అంటూ.

తేదీ చెప్పాను. భోరున ఏడ్చింది నేనే. మామయ్య గుండె మీద చెయ్యి వేసుకుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమీ లేదన్నారు. నా బంటును వెనక్కి పెట్టేశారు.

"నాకు తెలిసిపోనాదని హేమచంద్రకి సెప్పకమ్మా. బెంగెట్టుకుంటాడు."

జనవరి 18

కాఫీ దగ్గర మా ఆయన ముందే మామయ్య అడిగారు, చికిటి ఫోన్ వచ్చిందా అని. వచ్చిందన్నాను.

మామయ్యే చెయ్యి చాచి, అవతలి వైపు గేట్లు రెండూ వేశారు.