రెండు స్క్రూలు

మార్చి 4, మంగళవారం

అత్తయ్య ఊపిరితిత్తిలో మచ్చ ఉందట. బఠాణీ గింజంత. దగ్గు ఎంతకీ తగ్గడం లేదని తీయించిన స్కాన్‌లో బయటపడింది. డాక్టరమ్మ తొణక్కుండా చెప్పింది. అత్తయ్య బెణక్కుండా విన్నది. కంగారంతా నాకే.

పాత స్కాన్ ఏమైనా ఉందా అని అడిగింది డాక్టరమ్మ. అప్పుడు కూడా ఇదే మచ్చ ఇంతే ఉండి ఉంటే, ఎప్పటిదో మానిన గాయం తాలూకు గుర్తన్నమాట. వదిలేయవచ్చు. అప్పుడు లేకపోతే మాత్రం కొత్తది. సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ తర్వాత ఏమిటో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

పాత స్కాన్ ఉంది. ఆరేళ్ల క్రితం అత్తయ్య తన టైలరింగ్ షాపు మెట్ల మీద నుంచి కుట్టుమిషన్‌తో సహా జారిపడినప్పుడు ఛాతీకి తీసింది. సీడీలో ఇచ్చారు. ఆ సెంటర్ ఎప్పుడో మూతపడింది. డాక్టరమ్మ కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. సోమవారానికల్లా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రమ్మంది.

అదెంత పని, ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉందిగా అన్నాను. నా నోటికి ఎప్పుడూ తొందరే.

మార్చి 5, బుధవారం

నిన్న రాత్రి చూస్తే మై కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ లేదు. సి ఉంది, డి ఉంది, ఆ తర్వాత ఖాళీ. బటన్ నొక్కితే ట్రే బయటికి వస్తుంది, మళ్లీ నొక్కితే లోపలికి పోతుంది. కంప్యూటర్‌కి మాత్రం దానితో ముఖపరిచయం కూడా ఉన్నట్టు లేదు.

మా ఆయన వెనక నిలబడి రీస్టార్ట్ చేసి చూడు అన్నారు. చేశాను. ఇంకోసారి చేసి చూడు అన్నారు. జ్వరమైనా, ఫ్యానైనా, కంప్యూటరైనా ఈయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

పొద్దున ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే సిస్టమ్స్ ఆయన్ని అడిగాను. డ్రైవ్ ఉన్న మిషన్లన్నీ ఎప్పుడో తీసేశారట. బయటి నుంచి తగిలించే డ్రైవ్ ఆర్డర్ పెట్టుకోవచ్చు కానీ వచ్చే వారం చివరికి గానీ రాదన్నాడు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, డ్రైవ్ పక్కన పసుపు గుర్తు ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయమన్నాడు. ఇంటికొచ్చి చూశాను. పసుపు గుర్తు లేదు. గుర్తు పెట్టడానికి అసలు డ్రైవ్ పేరే లేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, పోనీలే, అంత అవస్థ ఎందుకు అంది. నా అవస్థ చూసి జాలిపడుతోంది కాబోలు అనుకున్నాను.

మార్చి 6, గురువారం

కనబడింది!

సాయంత్రం కంప్యూటర్ పక్క మూత విప్పాను. లోపల దుమ్ము దుప్పటి పరిచినట్టుంది. అత్తయ్య ఫోన్ లైట్ పట్టుకుంది. ఇదేమిటి, అదెందుకు అని ఒక్కొక్కటీ అడిగింది. నాకేమో చెప్పేకొద్దీ హుషారు. ఇది కరెంటు వైరు, ఈ సన్నటి ఎర్రది డ్రైవ్ నుంచి కబురు మోసే కేబుల్, ఇది ఊడితే కంప్యూటర్‌కి ఆ డ్రైవ్ ఉన్నట్టే తెలియదు అని పెద్ద ఇంజనీర్‌లా చెప్పాను. చూస్తే ఆ ఎర్రదే వదులుగా వేలాడుతోంది. గట్టిగా నొక్కాను. ఆన్ చేస్తే సి, డి, ఈ!

అత్తయ్యను సీడీ ఇవ్వమంటే, మరకలున్నాయని ఇప్పుడే సబ్బునీళ్లతో కడిగిందట, తెల్లారేదాకా ఆరనివ్వమంది. సరే అన్నాను. మూతకి ఒక్క స్క్రూ పెట్టి, అదీ వేలితో తిప్పి వదిలేశాను. రెండోది పెన్నుల డబ్బాలో పడేశాను. రేపటితో ఎలాగూ ఈ కంప్యూటర్‌తో పని అయిపోతుంది.

మార్చి 7, శుక్రవారం

పొద్దున్నే సీడీ పట్టుకుని కూర్చున్నాను. డ్రైవ్ లేదు.

విండోస్‌ని తిట్టాను. సిస్టమ్స్ ఆయన ఫోన్లోనే రిజిస్ట్రీ అని విండోస్ లోపలి చిట్టా ఏదో తెరిపించాడు. అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అని రెండుంటాయట, అవి తీసేస్తే ఒక్కోసారి డ్రైవ్ తిరిగి వస్తుందట. దేవుణ్ణి తలుచుకుని తీసేశాను. రాలేదు. ఆఫీసుకు ఆలస్యం. దారి పొడవునా ఆ బఠాణీ గింజే కళ్లముందు.

రాత్రి

విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ తెరలో కూడా లేదు. అక్కడ కూడా లేదంటే విండోస్ పాపం ఏమీ లేదట.

మార్చి 8, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మళ్లీ మూత విప్పబోయాను. స్క్రూ రాలేదు. నేను వేలితో తిప్పి వదిలేసిన స్క్రూ, గోరు విరిగేంత బిగుసుకుని ఉంది. దాని కింద రెండోది. పెన్నుల డబ్బాలో పడేసిన రెండోది! డబ్బా చూశాను, ఖాళీ. అత్తయ్య కుట్టుమిషన్ డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పాను. స్క్రూ తలమీద మిషన్ ఆయిల్ వాసన.

ఎర్ర కేబుల్ ఊడలేదు. ఎవరో తీశారు. తీసి, చివర ఎక్కడా తగిలి పాడవకుండా మడిచి, నల్లదారంతో చుట్టి ముడివేశారు. చక్కటి ముడి. మా ఇంట్లో అంత శుభ్రంగా ముడివేసేది ఒక్కరే.

అక్కడే నేలమీద కూలబడ్డాను. ముందు కోపం వచ్చింది. లోపలికి వెళ్లి కడిగేద్దామనుకున్నాను. వెళ్లాను. అత్తయ్య నా చేతిలో దారం చూసింది. మిషన్ ఆపింది.

"ఆ సీడీ విరగ్గొట్టేద్దామనే అనుకున్నానమ్మాయ్. చేతులు రాలేదు. అందుకని ఈ ఎర్ర వైరు విప్పానంతే. కావాలంటే మళ్లీ కలుపుకోవచ్చు కదా."

ఎందుకత్తయ్యా అని మాత్రం అడగగలిగాను.

"అది చూస్తే ఉందనో లేదనో తేలిపోతుంది. తేలనంతసేపూ బాగానే ఉన్నానేమో అనుకోవచ్చు. మీ మామయ్యకి అన్నీ తేలాయి. ఏం మిగిలింది?"

నేను కోడలిగా వచ్చేసరికే మామయ్య లేరు. ఆ రోజుల గురించి ఈవిడ ఇన్నేళ్లలో ఒక్క మాట ఎత్తలేదు. మంచం చివర కూర్చుని ఏడ్చాను. ఓదార్చాల్సింది నేను, ఓదార్చింది ఆవిడ.

లేచేముందు స్క్రూడ్రైవర్ మిషన్ మీద పెట్టాను. ఆ కేబుల్ నేను పెట్టను, మీరే పెట్టాలి అన్నాను. అనేశాను గానీ, పెట్టకపోతే? సోమవారం పొద్దున నేనే పెట్టేస్తానేమో. నా మాట మీద నాకంత నమ్మకం లేదు.

మా ఆయనకు చెప్పలేదు. ఇది మా ఇద్దరి మధ్య.

మార్చి 9, ఆదివారం

రోజంతా మిషన్ చప్పుడు. ఆర్డర్లు లేవు. ఇంట్లో దిండ్లన్నిటికీ గలేబులు కుట్టింది. కంప్యూటర్ వైపు ఇద్దరం చూడలేదు.

మా ఆయన రెండుసార్లు రీస్టార్ట్ చేశారు.

మార్చి 10, సోమవారం

లేచేసరికి కంప్యూటర్ ముందు అత్తయ్య. స్నానం చేసి, బయటికి వెళ్లేటప్పుడు కట్టే చీర కట్టుకుని, ఒళ్లో సీడీ. మూతకి రెండు స్క్రూలూ ఉన్నాయి. ఆన్ చేయడం రాక నా కోసం కూర్చుంది. ఎంతసేపటి నుంచి అని అడగలేదు.

సి, డి, ఈ. సీడీ పెడితే డ్రైవ్ మూలుగుతూ తిరిగింది. బొమ్మలు తెరుచుకున్నాయి. ఇద్దరం తలలు ఆనించి చూశాం. అంతా బూడిద రంగే, ఒక్క ముక్క అర్థం కాలేదు. తెల్లగా గుండ్రంగా ఉన్నదాన్ని చూపించి ఇదేనా అంది. అది వెన్నెముక అనుకుంటా అన్నాను. ఇంత లావా అని ఆశ్చర్యపోయింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాం. ఆసుపత్రిలో వరుసగా కుర్చీలు, మా ముందు చాలామంది. ఇది ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. అత్తయ్య నల్లదారం ముక్కని వేలికి చుడుతోంది, విప్పుతోంది. పిలిచారు.

సాయంత్రం

మచ్చ అప్పుడూ ఉంది. అదే చోట. అంతే బఠాణీ గింజంత. సూది అక్కర్లేదంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి, సీడీ తీసి దాచుదామని కంప్యూటర్ ఆన్ చేశాను. డ్రైవ్ కనబడలేదు. మూత విప్పాను. కేబుల్ గట్టిగానే ఉంది. అత్తయ్య వైపు చూశాను.

"ఒట్టు, ఈసారి నేను కాదు" అంది.