తెల్లచీరతోనే పెళ్లికి

తమ్ముడూ, నీకూ మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. నేను తెల్లచీర కడుతున్నానని ఎవరో చెబితే అమ్మ హడలిపోయిందట. మీ బావ నిక్షేపంగా ఉన్నారని ముందు ఆవిడకు చెప్పు.

మొన్న పౌర్ణమికి బౌద్ధ మందిరానికి బయలుదేరితే, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మెట్ల మీదే నన్ను పట్టుకుని బావురుమంది. "ఎప్పుడు పోయారమ్మా? ఒక్క మాటైనా చెప్పలేదే!" అంది. నా వెనకే గొడుగుతో దిగుతున్న మీ బావ, "నాకూ చెప్పలేదమ్మా" అన్నారు. పాపం, ఆవిడకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మా మందిరంలో నియమం తీసుకున్న గృహస్థులు, ఆడా మగా, అందరూ తెలుపే కడతారు. "ఇది చావు రంగు కాదు, మురికిని దాచుకోలేని రంగు. మనసూ అలాగే ఉండాలి" అంటారు గురువమ్మ. అది విన్నప్పటినుంచీ నాకు అమ్మే కళ్లలో మెదులుతోంది. నాన్న పోయాక ఆవిడ కట్టిందీ తెలుపే. అందుకనేగా నీ కూతురి నిశ్చితార్థం రోజంతా వంటింటి తలుపు చాటున నిలబడింది!

పెళ్లికి నేను తెల్లచీరతోనే వస్తాను. ముందు వరుసలో అమ్మ పక్కన కూర్చుంటాను, నా పక్కన మీ బావ. ఆవిడను లేవమనేవాళ్లు ముందు నన్ను లేపాలి. మీ అత్తగారు గొణిగితే నా పేరు చెప్పు.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? కింద కూర్చోలేదు కదా, చేతులున్న కుర్చీ ఒకటి చూసి ఉంచు. ఈ కార్డు ఆవిడకు చదివి వినిపించు. పెళ్లికూతురి తల మీద మొదటి చెయ్యి అమ్మదే.

మీ అక్క