లోడర్ చెవికి వేసిన అతుకు

ఆగిరిపల్లి,
జూన్ 24.

మా గ్లోరీ తల్లికి నాన్న దీవెనలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ రోజులు గడుస్తున్నాయి. నువ్వూ, నీతోపాటు ఉన్న అమ్మాయిలూ, మీ మదర్ గారూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. మఠంలో ఫోను ఇవ్వరు గనక నెలకో ఉత్తరం మనకి అలవాటే గానీ, ఈ ఉత్తరం రాయడానికి కూర్చోవడం ఇది మూడోసారి. రెండుసార్లు సగం రాసి చింపేశాను. ఈ ఏడు ఒళ్ళు బాగా అలిసిపోయిందమ్మా. పొద్దున లేచేసరికే సాయంత్రమైనట్టు ఉంటోంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు చెప్తాను. కాపు ఈసారి సగమే. పూత బాగానే వచ్చింది, ఫిబ్రవరిలో మంచు పడి మాడిపోయింది. చిన్న రసాలు కొంచెం నయం, బంగినపల్లి బొత్తిగా లేదు. నా దగ్గు తగ్గింది. ఆదివారం పూజకి వెళ్తున్నావా అని అడిగావు. నాలుగు వారాలు వెళ్ళలేదు. మొన్న వెళ్ళాను, వెనక బెంచీలో కూర్చుని వచ్చేశాను.

ఉత్తరం చివర అమ్మ ఎప్పుడూ తన చేత్తో రెండు ముక్కలు రాసేది, పోయినసారి ఎందుకు రాయలేదు అని అడిగావు. చెప్తాను. లోడర్ విరిగిందని ఒక్క మాట రాసి వదిలేశావేంటి అని కూడా అడిగావు. ముందు దాని సంగతి చెప్తాను, ఎందుకంటే రెండూ ఒకటే.

జగన్మోహనరావు గారు తమ తోటలోకి చిన్న ట్రాక్టర్ కొన్నది నువ్వు వెళ్ళిన తరవాత. చెట్ల మధ్య సందుల్లో తిరగడానికి వీలుగా ఉంటుంది. దానికి ముందువైపు రెండు ఇనుప చేతులు, చేతుల చివర ఒక పెద్ద బకెట్, దాన్నే లోడర్ అంటారు. ఎరువు ఎత్తినా, కాయల ట్రేలు మోసినా, నరికిన కొమ్మలు తోసినా అదే. బకెట్‌ని లేపి వంచేది నడుమ ఉన్న, నూనె ఒత్తిడితో పనిచేసే ఒక జాకీ. ఆ జాకీని బకెట్‌కి పట్టి ఉంచేవి రెండు ఇనుప చెవులు, వాటి మధ్య బొటనవేలంత పిన్ను. తోటలో ఇంతమందిమి ఉంటే బండి తాళం నా చేతికిచ్చారు. యాభై రెండేళ్ళకి మొదటిసారి కూర్చుని చేసే పని దొరికిందని మీ అమ్మ ఎంత సంబరపడిందో.

మే నెలలో ఆ చెవుల్లో ఒకటి వెల్డింగు దగ్గర ఊడిపోయింది. పిన్ను జారింది, జాకీ రాడ్డు వంగింది. పాత మొద్దు లేపుతుంటే విరిగిందని రావుగారికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, బాగు చేయించమన్నారు.

బకెట్ విప్పి ఆటోలో వేసుకుని ఊళ్ళో నరసింహులు వెల్డింగు షాపుకి తీసుకెళ్ళాను. ఆయన పెద్దవాడు, మాట తక్కువ. విరిగిన చోట గుడ్డతో తుడిచి, కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. తరవాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"చూడు సవరయ్యా. ఈ అంచున ఇనుము తెల్లగా మెరుస్తోంది, ఇది మొన్న విరిగింది. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా నల్లగా తుప్పు పట్టి ఉంది, ఇది ఎప్పుడో పగిలింది. ఎవరో చూసి ఊరుకున్నారు."

ఆయన పాత వెల్డింగంతా గ్రైండర్‌తో కోసేశాడు. రెండు చెవుల్లోంచి పిన్ను దూర్చి వరస చూసుకుని అంటించాడు. చల్లారాక చూస్తే పిన్ను బిగుసుకుపోయింది, వేడికి చెవి రవ్వంత పక్కకి లాగేసింది. మళ్ళీ కోశాడు. మర్నాడు కొంచెం కొంచెంగా, ఈ వైపొక గీతా ఆ వైపొక గీతా వేసి, మూలకి మందపాటి రేకు బిళ్ళ ఒకటి ఆసరాగా అతికాడు. నేను పట్టకారుతో పట్టుకుని కూర్చున్నాను. నిప్పురవ్వలు చెప్పుల మీద పడుతున్నా కాలు తియ్యాలనిపించలేదు. వంగిన రాడ్డు తిన్నగా కాలేదు. కొత్త జాకీ విజయవాడ నుంచి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈలోగా ట్రేలన్నీ భుజాల మీదే మోశాం. జాకీ వచ్చిన రోజు పైపులు బిగించి, నూనె పోసి, ఒక్కణ్ణే కూర్చుని బకెట్ లేపి చూశాను. నడుమెత్తు దాకా లేచింది. అంతకు మించి లేపడానికి నా చెయ్యి రాలేదు.

తల్లీ, ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. స్థిమితంగా కూర్చుని చదువు.

ఆ పగులు చూసి ఊరుకున్నవాణ్ణి నేనే. ఫిబ్రవరిలో గ్రీజు పెడుతుంటే కనిపించింది, వెంట్రుకంత గీత. వెల్డింగుకి వేస్తే బండి నాలుగు రోజులు ఆగిపోతుంది, కాపు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. గ్రీజు పూస్తే కనబడకుండా పోయింది.

మే పదమూడున లారీ వచ్చి నిలబడి ఉంది. బావి దగ్గర చెట్టుకి చిటారున నలభై యాభై కాయలు మిగిలాయి, కాయలు కోసే చిక్కం గెడ అందడం లేదు. నిచ్చెన రోడ్డు వైపు తోటలో ఉంది. తక్కినవాళ్ళంతా లారీ దగ్గర సర్దుతున్నారు. మీ అమ్మా నేనూ ఇద్దరమే ఉన్నాం. బకెట్లో మనిషిని ఎక్కించకూడదని బండి ఇచ్చిన రోజే చెప్పారు. అయినా ఎక్కమని నేనే అన్నాను.

మీ అమ్మ ఒక కాలు లోపల పెట్టి ఆగింది. "గట్టిగానే ఉందా?" అని అడిగింది.

"గట్టిగానే ఉంది" అన్నాను.

ఏడడుగుల ఎత్తుకి లేపాను. ఆరో కాయో ఏడో కాయో కోసింది. బకెట్ ఒక్కసారిగా ముందుకి ఒరిగిపోయింది. మీ అమ్మ కుడిచెయ్యి కింద వేసుకుని పడింది.

మణికట్టు దగ్గర రెండెముకలూ విరిగాయి. విజయవాడలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ప్రాణానికి ఏమీ భయం లేదు, నడుస్తోంది, తింటోంది. కట్టు విప్పేశారు. కానీ చివరి రెండు వేళ్ళూ పూర్తిగా ముడవడం లేదు. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఆడించమన్నారు, వస్తాయనీ చెప్పలేదు, రావనీ చెప్పలేదు. పెన్ను పట్టుకుంటే జారిపోతోంది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆటోలో, అంత నొప్పిలోనూ, మీ అమ్మ నా చెవిలో అన్న మాట ఒక్కటే: "నిచ్చెన మీంచి పడ్డానని చెప్దాం. నీ చేతిలో తాళం పోతుంది." డాక్టర్ గారికీ, రావుగారికీ, ఫాదర్ గారికీ అదే చెప్పింది. నీకు చెప్తే చదువూ ప్రార్థనా వదిలేసి పరిగెత్తుకొస్తావని, ఆగస్టులో నువ్వు సిస్టరుగా మాటపట్టు తీసుకునేదాకా ఒక్క ముక్క రాయొద్దని నాచేత ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తప్పుతున్నాను.

నన్ను ఎవరూ ఏమీ అనలేదమ్మా. అదే మొయ్యలేకపోయాను. వంట నేను చేస్తున్నాను, జడ కూడా నేనే వేస్తున్నాను. చిక్కు తీస్తుంటే నొప్పి పుట్టినా ఆమె మాట్లాడదు. ఒక్కరోజైనా తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు.

మొన్న సోమవారం మధ్యాహ్నం తాళం బండికే వదిలి వెళ్ళి, అన్నం తిని తోటలోకి వచ్చేసరికి ట్రాక్టర్ చప్పుడు వినపడింది. తోటలో మాతోపాటు పనిచేసే సురేష్ స్టీరింగు దగ్గర కూర్చుని ఉన్నాడు. అతని భార్య జ్యోతి, నాలుగో నెల, బకెట్లో నిలబడి ఉంది. ఎండుకొమ్మలు కట్ చెయ్యడానికి కత్తి పట్టుకుని పైకి చూస్తోంది. బకెట్ అప్పుడే నేల వదిలింది. నేను ఎలా పరిగెత్తానో తెలియదు. వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డాను. సురేష్ కంగారుగా ఇంజను ఆపాడు.

"ఏంటి బాబాయ్, అంత భయం? నరసింహులు గారు కొత్తగా అతికింది కదా, పాతదానికన్నా గట్టిది. పిన్ని పడింది నిచ్చెన మీంచి కదా, నిచ్చెనకన్నా ఇదే మేలు" అన్నాడు.

మేము చెప్పిన అబద్ధమే నమ్మి అతను పెళ్ళాన్ని ఎక్కించాడు. అక్కడున్న నలుగురూ చూస్తున్నారు. షెడ్డు దగ్గర నుంచి రావుగారు కూడా వచ్చారు. జ్యోతిని ముందు దిగమన్నాను. తరవాత అందరి ముందూ చెప్పాను. పగులు చూశాననీ, దాచాననీ, మీ అమ్మని ఎక్కించింది నేనేననీ, నిచ్చెన మాట అబద్ధమనీ చెప్పాను.

"ఆవిడ్ని కూడా అబద్ధంలోకి దింపావా సవరయ్యా" అన్నారు రావుగారు. అంతే. చెయ్యి చాపారు. బండి తాళం తీసి ఇచ్చేశాను. రేపటి నుంచి సురేష్ తోలతాడనీ, నన్ను చెట్ల పనిలోకి వెళ్ళమనీ చెప్పి వెళ్ళిపోయారు. సురేష్‌ని పక్కకి పిలిచి పిన్నులెలా చూడాలో, గ్రీజు తుడిచి ఎక్కడెక్కడ వెతకాలో చూపించాను. అతను తలొంచుకుని విన్నాడు. జ్యోతి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. తాళం పోయిందని కూడా చెప్పాను. ఎడమచేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టేసి అప్పుడు తిట్టింది. తను చెప్పిన నిచ్చెన మాట నిలబెట్టలేదని కాదు. "గట్టిగా ఉందా అని అడిగాను కదా, నేను నోరు తెరిచి అడిగాక కూడా ఎందుకు చెప్పలేదు" అంది. ఆ మాటే నలభై రోజులుగా లోపల పెట్టుకుందట. అంటూ అంటూ ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. లేచి వెళ్ళలేదు.

మర్నాటి నుంచీ కొడవలి పట్టుకుని చెట్ల కిందే ఉంటున్నాను. భుజం లాగేస్తోంది. మొన్న రాత్రి మాత్రం తెల్లారేదాకా మెలకువ రాకుండా పడుకున్నాను.

నీకు అంతా రాస్తున్నానంటే, నిన్ను రావద్దని రాయమంది మీ అమ్మ. నేను రమ్మనీ అనను, వద్దనీ అనను, అది నువ్వూ మీ మదర్ గారూ ఆలోచించుకోండి. మా కోసం ప్రార్థన చేస్తున్నానని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు, చెయ్యి. కానీ నా మీద కోపం వస్తే, మఠంలో ఉన్నాను కదా అని దాన్ని మింగెయ్యకు. ఎంత వస్తే అంత, ఉన్నదున్నట్టు రాయి. నేను చదువుకుంటాను. మీ అమ్మకి కూడా పైకే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా చెప్పిన
మీ నాన్న,
సవరయ్య