ఎగిరే పలక, మా మామయ్య పుట్టి

జనవరి 4, భోజనాలయ్యాక

నిర్ణయం తీసేసుకున్నాను! మా కొత్త సంవత్సరం టెట్ పండగలోపు గాలిపటం పట్టుకుని, ఎగిరే పలకెక్కి, మా మామయ్య కళ్లముందు నుంచి సముద్రం మీద దూసుకుపోవాలి. ఇరవై రెండు రోజులున్నాయి. చాలు.

ఎందుకంటే, ఈ పూట మామయ్య చేపను పైవైపు తినేసి టక్కున తిరగేశాడు. బావమరుదులు వేటలో ఉంటే మా ఇంట్లో పళ్లెంలో చేపను ఎవరూ తిప్పరు. పడవ తిరగబడుతుందని భయం. అందరూ ఒడ్డునుంటే తిప్పుతారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మా ఆవిడ మియెన్ నోరు జారింది: పోయినేడు నేను సరుకు కోసం దీవికి పడవెక్కిన రోజు కూడా ఆయన తిప్పాడట!

"అదేంటి మామయ్యా, నేను నీళ్ల మీదున్నాను కదా?"

"నువ్వా? నువ్వు అంగడోడివి. పడవలో నువ్వూ సరుకే."

పెళ్లయిన కొత్తలో ఆయన పడవలో వాంతి చేసుకున్నాను. ఒక్కసారి. సరే, మూడుసార్లు. పంతొమ్మిదేళ్లయింది. మా ముయి నే ఊళ్లో నా కొట్లో దొరికే ఎండు కణవ చేపలు ఇంకెక్కడా దొరకవు. అయినా ఇప్పటికీ నోరారా అల్లుడా అనడు.

జనవరి 5

పక్క రేవులో గాలిపటాల బడి: గుడారమంత గాలిపటం లాగుతుంటే పలక మీద నీళ్లపై పోవడం నేర్పుతారు. టీచరమ్మ పేరు వీ, ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఫీజు: టెట్ దాకా వాళ్లింటికి ఎండు కణవలు. వాళ్ల పాత పలక కూడా ఇచ్చింది.

పలక కింద మీటరు పొడుగు కాడ. కాడ అడుగున విమానానికున్నట్టు రెక్కలు. వేగం అందుకుంటే పలక నీళ్లను వదిలేసి పైకి లేస్తుంది. అలలు తగలవు. అల తగలకపోతే కడుపులో తిప్పదు! దీన్ని నాకోసమే కనిపెట్టారు.

"ముందు మామూలు పలక నేర్చుకో బాబాయ్."

"అది అలల మీద పోతుందిగా. వద్దమ్మా, డైరెక్టుగా ఎగురుతా."

"నీ ఇష్టం. హెల్మెట్ మాత్రం తియ్యకు."

ప్లాన్: రోజూ ఒంటిగంటకి, గాలి లేచాక, రెండు గంటల సాధన. కొట్టు మియెన్ చూసుకుంటుంది (ఇంకా తనకి చెప్పలేదు). బీరు బంద్.

జనవరి 7

పలక లేకుండా గాలిపటం ఒక్కటే. అర కిలోమీటరు నీళ్లలో ఈడ్చుకుపోయింది. ఉప్పునీళ్లు కడుపునిండా తాగాను. బ్రహ్మాండం! ఎగరేయడం వచ్చేసింది.

"నువ్వు దాన్ని ఎగరేయలేదు బాబాయ్, అదే నిన్ను ఎగరేసింది" అంటుంది వీ. పిల్లలకి ప్రోత్సహించడం తెలీదు.

జనవరి 10

1:20 లేచాను! 1:20 పడ్డాను.

పద్నాలుగు సార్లు. భయమేసి వెనక్కి వాలిపోతున్నాను. వాలగానే పలక గుర్రంలా ముందుకాళ్లెత్తి విసిరికొడుతోంది. ఒడ్డు నుంచి వీ ఒకటే అరుపు: "ముందు కాలు! బరువు ముందు కాలి మీద బాబాయ్!"

గాలి నన్ను చేపల రేవు దాకా లాక్కుపోయింది. మామయ్య తన గుండ్రటి బుట్టపడవ, పుట్టిలో తెడ్డేసుకుంటూ వచ్చి, మెడ దగ్గర పట్టుకుని లోపలికి లాగాడు.

"ఈ రోజు వేటేంటని అడిగితే ఏం చెప్పను? అంగడోడు పడ్డాడనా?"

పుట్టి గిరగిరా తిరిగింది. వాంతి. ఆయన కాళ్ల మీద.

జనవరి 13

సాధన లేదు. గాలి బాగాలేదు (వీకి మాత్రం భేషుగ్గా ఉందట). మోకాలు. పండగ బేరాలు. బీరు ఒకటి, మోకాలి కోసం.

జనవరి 14

ఐదు సెకన్లు!!! ఎగిరాను! నీళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కడుపులో చీమంత కదలిక లేదు. ఎదురుగా మామయ్య పుట్టి!

ఆ ఐదు సెకన్లూ ఆయన వంగి వల విప్పుకుంటున్నాడు. తలెత్తేసరికి నీళ్ల పైన నా అరికాళ్లు రెండే ఉన్నాయట.

"చూశాను. తలకిందులుగా బానే నిలబడ్డావు" అన్నాడు.

జనవరి 17

గాలిపటం ఒడ్డుకి తిరిగి మా కణవలు ఆరేసిన తడికల మీద పడింది. సరుకంతా ఇసక.

"ఏమయ్యా, సముద్రం చాల్లేదా? నా కణవల మీద కూడా నేర్చుకోవాలా?"

మియెన్ కణవలన్నీ తెచ్చి నా ముందు పోసింది. కూర్చుని కడిగాను. బీరు రెండు.

జనవరి 20

మానేశాను. వయసు నలభై ఏడు. పండగ దగ్గరికొచ్చింది. పైగా పలక కూడా ఖాళీగా లేదు. కాడ ఊడదీసి గోడకి వాల్చితే కణవలు ఆరెయ్యడానికి ఎంత బాగుందో!

సాయంత్రం వీ వచ్చి చూసింది. "బాబాయ్! అది పలక, తడిక కాదు!" తర్వాత గొంతు తగ్గించింది. "మీ మామయ్య మూడు రోజులుగా ఒంటిగంటకల్లా పుట్టేసుకుని మా బడి ముందే తిరుగుతున్నాడు. వల కూడా తేవట్లేదు."

వల లేకుండా పుట్టెందుకు?

జనవరి 23, భోజనాలయ్యాక

పడవలన్నీ పండక్కి ఒడ్డెక్కాయి. బావమరుదులిద్దరూ ఇంట్లోనే. మధ్యలో పెద్ద చేప. పైవైపు అయిపోయింది. చిన్న బావమరిది తిరగెయ్యబోయాడు. మామయ్య చాప్‌స్టిక్స్‌తో వాడి వేళ్ల మీద టక్కుమని కొట్టాడు.

"తిప్పకు."

"అందరం ఒడ్డునే ఉన్నాంగా నాన్నా?"

"రేపు ఒంటిగంటకి అల్లుడు నీళ్ల మీదకి పోతున్నాడు."

నేను పోతున్నానని ఎవరితోనూ అనలేదు. ఆయన నా వైపు చూడను కూడా లేదు. మియెన్ వెన్నుముల్లు పైకి తీసి, కిందివైపు ముక్కలు అందరికీ వడ్డించింది. చేపను ఎవరూ తిప్పలేదు.

అన్నం నములుతూ మళ్లీ ఆయనే అన్నాడు: "ముందు కాలి మీద బరువెయ్. పాపం, అరిచి అరిచి ఆ పిల్ల గొంతు పోయింది."

జనవరి 24, 12:40

ఒకటో రోజు! పలక మీద కణవలు దులిపి, కాడ బిగించాను. వాసన పోలేదు. పోదు. బీరు బంద్, ఈసారి నిజంగా. టెట్ పండగలోపు ఎగరాలి (ఏ ఏడాది టెట్టో రాయడం లేదు).

గాలి లేస్తోంది. మామయ్య పుట్టి అప్పుడే నీళ్లలో ఉంది. ఇటే చూస్తున్నాడు.