చప్పుడు లేని కారు

ఆ కుక్కరు మా మాట వినదు. నువ్వున్నప్పుడు మూడు కూతలకే నోరు మూసుకునేది, మా దగ్గర మాత్రం వీధంతా వినేలా అరుస్తోంది. అది తప్ప ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, మీ తమ్ముడూ. మీ అమ్మ లేచి నాలుగడుగులు వేస్తోందని రాశావు, సంతోషం.

నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గలేదు, నాకే అలవాటైంది. మీ తమ్ముడు వేళకే తింటున్నాడు. వంట వాడిది, గిన్నెలు నావి. ఉప్పు వెయ్యడంలో మాత్రం అక్క పోలికే.

ఫ్యాక్టరీ గురించి టీవీలో చెప్పింది నిజమేనా అన్నావు. నిజమే. పై దేశం వాళ్ల కరెంటు కార్లు మన ధరలో సగానికే వస్తున్నాయి. మనవాళ్లు అద్దం ఎలా ఉండాలో తేల్చుకునేలోపు వాళ్లు కొత్త మోడలు అమ్మేస్తున్నారు. మన కార్లు గేటు బయట మైదానంలో వరసగా నిలబడి దుమ్ము తింటున్నాయి. పక్షులకి మాత్రం బాగా నచ్చాయి.

పోయిన వారం వాళ్ల కారొకటి కొని మా షెడ్డుకి తెచ్చారు. నా పని నీకు తెలుసుగా, ఇనప కడ్డీ ఒక కొస ఇంజిను మీద, రెండో కొస చెవికి ఆనించి లోపలి జబ్బు చెప్పడం. మేనేజరు "నువ్వూ ఓసారి విను" అన్నాడు. విన్నాను. "ముందు స్టార్ట్ చెయ్యండి సార్" అన్నాను. లోపల కూర్చున్న మీ తమ్ముడు, "బావా, ఇందాకటి నుంచీ ఆన్‌లోనే ఉంది!" అన్నాడో లేదో, కారు నా పక్కనుంచి జారిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మేనేజరు నవ్వలేదు.

అసలు సంగతి ఫోన్‌లో చెబుదామంటే మీ తమ్ముడు పక్కనే ఉంటాడు, అందుకే ఈ ఉత్తరం. మా ఇంజిను పరీక్షల షెడ్డు మూసేస్తున్నారు. మా ఇద్దరిలో ఒక్కరికే బ్యాటరీల వైపు చోటుంది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "పెద్దవాడివి, ఎవరుండాలో నువ్వే చెప్పు" అన్నాడు.

నేనుంటానన్నాను.

వాడు చిన్నవాడు, చురుకైనవాడు, ఎక్కడైనా బతుకుతాడు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? ఎన్నిసార్లు ఆలోచించినా లెక్క సరిగ్గానే ఉంది, ముద్ద మాత్రం దిగడం లేదు. వాణ్ణి ఈ పనిలో పెట్టించిందీ నేనే, వాణ్ణి చూసుకుంటానని మీ అమ్మకి మాటిచ్చిందీ నేనే.

వాడికింకా తెలియదు. పొద్దున్నే నా పక్కన కూర్చుని బ్యాటరీల పుస్తకం చదివి వినిపిస్తున్నాడు. "నీకు చిన్నక్షరాలు ఆనవు కదా బావా, నేను చదువుతాలే. ఇద్దరం గట్టెక్కేద్దాం" అంటాడు.

నువ్వు తిడితే పడతాను. మేనేజరు దగ్గరికెళ్లి మాట మార్చుకోమంటావేమోనని భయం, ఎందుకంటే నువ్వలా అంటే మార్చుకుంటాను. అందుకని, ఏదైనా అనే ముందు ఒక్కసారి...

ఉండు, వంటింట్లోంచి కేకేస్తున్నాడు. "బావా, వడ్డించేశాను, నువ్వొస్తే గానీ నేను తినను!" అంటున్నాడు. ఇప్పుడు వెళ్లి వాడి ఎదురుగా కూర్చుని ఆ అన్నం తినాలి.

ఇట్లు,
మీ ఆయన